పేరడీ అంటే పక్కవాడి బొమ్మ ఎత్తుకురావడం కాదు: యానిమేషన్‌లో కొన్ని అపోహలు - వాస్తవాలు

రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగింది. "మేడమ్, ఛానెల్ పోయింది."

కరీంనగర్ కుర్రాడు. రెండేళ్ళ క్రితం నా దగ్గర స్టోరీబోర్డు (సినిమాను ముందే షాట్ల వారీగా బొమ్మల్లో గీసుకోవడం) నేర్చుకున్నాడు. ఒక పెద్ద స్టూడియో రాకుమారి త్రీడీ మోడల్‌ను ఎక్కడో డౌన్‌లోడ్ చేసి, ఆమె చేత కరెంటు బిల్లు మీద మన యాసలో తిట్ల దండకం చదివించాడు. నిజం చెప్పాలంటే నేనూ నవ్వాను. అలాంటివే ఇంకో రెండు చేశాడు. కాపీరైట్ ఫిర్యాదుల మీద మూడు స్ట్రైకులు (హెచ్చరికలు) పడ్డాయి, ఛానెల్ మూతపడింది. గొంతు వణుకుతోంది పాపం. ఇంట్లో ఇంకా చెప్పలేదట.

"అది పేరడీ కదా మేడమ్? కింద డిస్క్రిప్షన్‌లో కూడా రాశాను." నెలకోసారైనా ఎవరో ఒకరి నోట ఈ మాట వింటాను. దాని వెనకే రెండో మాట వస్తుంది: "ష్రెక్ సినిమాలో డిస్నీని అంత ఏడిపించారు కదా, వాళ్ళకు లేని తప్పు మాకేంటి?"

అపోహ: పేరడీ అని రాస్తే ఎవరి పాత్రనైనా వాడుకోవచ్చు

ష్రెక్ సంగతే చూద్దాం. జెఫ్రీ కాట్జెన్‌బర్గ్ 1984 నుంచి పదేళ్ళు డిస్నీ స్టూడియోను నడిపాడు. 1994లో కంపెనీ అధ్యక్షుడు ఫ్రాంక్ వెల్స్ హెలికాప్టర్ ప్రమాదంలో పోయాడు. ఆ కుర్చీ తనకు వస్తుందనుకున్న కాట్జెన్‌బర్గ్‌కు రాలేదు. బయటికొచ్చి అదే ఏడాది స్పీల్‌బర్గ్, డేవిడ్ గెఫెన్‌లతో కలిసి డ్రీమ్‌వర్క్స్ పెట్టాడు. తనకు రావలసిన డబ్బు కోసం డిస్నీ మీద కేసు కూడా వేశాడు, 1999లో రాజీ కుదిరింది. 2001లో డ్రీమ్‌వర్క్స్ నుంచి ష్రెక్ వచ్చింది. ఉత్తమ యానిమేషన్ చిత్రం విభాగంలో ఇచ్చిన మొట్టమొదటి ఆస్కార్ దానికే, అదీ డిస్నీతో జతకట్టిన పిక్సార్ స్టూడియో సినిమాను దాటి.

ఇంత కడుపుమంట ఉన్న మనిషి తీయించిన సినిమాలో డిస్నీ గీసిన బొమ్మ ఒక్కటైనా ఉందేమో వెతకండి. పినోకియో ఉన్నాడు, కానీ ఆ కొయ్యబొమ్మ 1880లలో ఇటలీలో కొల్లోడి రాసిన కథలోది. స్నో వైట్, ఏడుగురు మరుగుజ్జులు గ్రిమ్ సోదరులు సేకరించిన జానపద కథలోవాళ్ళు. ఇవన్నీ ఊరుమ్మడి బావిలో నీళ్ళు, ఎవరైనా తోడుకోవచ్చు. కానీ గ్రంపీ, డాక్ లాంటి పేర్లు డిస్నీ తన 1937 సినిమాలో పెట్టుకున్నవి. ష్రెక్‌లో మరుగుజ్జులు అద్దాల శవపేటిక మోసుకొస్తారు తప్ప ఆ పేర్లు ఎక్కడా వినపడవు.

మరి దెబ్బ ఎక్కడ కొట్టారు? అలవాటు మీద. రాకుమారి అడవిలో పాడుతుంది, పిట్ట బదులు పలుకుతుంది. ఇది డిస్నీ అలవాటు. ష్రెక్‌లో రాకుమారి ఫియోనా కూడా అలాగే మొదలుపెట్టి శ్రుతి పెంచుతూ పోతుంది, అందుకోలేక పిట్ట టప్పున పేలిపోతుంది. తర్వాతి షాట్‌లో ఆ పిట్ట గుడ్లు అట్టవుతుంటాయి. డులాక్ ఊరు చూడండి: జనం లేకపోయినా మెలికలు తిరిగిన క్యూ కంచెలు, తలుపు తెరవగానే నిబంధనలు పాడే బొమ్మలు. థీమ్ పార్కు ముఖం ఒక్కసారి చూసినవాడికి చాలు. ఆ ఊరిని ఏలే పొట్టి ఫర్క్వాడ్ ఏ కంపెనీ బాసు అన్న గుసగుస ఇరవై ఏళ్ళుగా నడుస్తూనే ఉంది. నాకు అందులో రుచి లేదు. ఆ పిట్ట షాట్ మాత్రం ప్రతి బ్యాచ్‌కీ ఫ్రేము ఫ్రేముగా చూపిస్తాను.

మనకు ఇది కొత్తేమీ కాదు. జరుక్ శాస్త్రి శ్రీశ్రీ కవిత నడకను పట్టుకుని ఆ నడకనే ఆట పట్టించాడు. మాటలు తనవి, నవ్వు మాత్రం అవతలివాడి తీరు మీద. మా కుర్రాడి వీడియోలో నవ్వు కరెంటు బిల్లు మీద ఉంది. ఆ రాకుమారి బదులు మా వీధి చివర ఇస్త్రీ అన్నను పెట్టినా జోకు పేలుతుంది. మరి ఆమె ఎందుకు? వ్యూస్ కోసం. 1994లో అమెరికా సుప్రీంకోర్టు ఒక పాట కేసులో దాదాపు ఈ తేడానే చూపింది: మూలం మీదే విసురు విసిరేవాడికి ఆ మూలాన్ని కొంత అనుకరించక తప్పదు. వేరే విషయాన్ని ఎగతాళి చేసేవాడు ఇతరుల సొమ్ము ఎందుకు వాడుకున్నాడో సంజాయిషీ చెప్పుకోవాలి.

మూలాన్నే ఎగతాళి చేసినా గండం గడుస్తుందని హామీ లేదు. 1971లో అమెరికాలో కొందరు కార్టూనిస్టులు మిక్కీని పెద్దలకు మాత్రమే పనికొచ్చే కామిక్స్‌లో దించారు. ఎయిర్ పైరేట్స్ కేసు అంటారు. పేరడీ అని ఎంత వాదించినా 1978లో అప్పీలు కోర్టు డిస్నీ వైపే మొగ్గింది. మిక్కీ ఎవరో లోకానికంతా తెలుసు, గుర్తుచేయడానికి అచ్చుగుద్దినట్టు గీయాల్సిన పనేముందని దాని తర్కం. ఇక మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో విమర్శ, సమీక్ష అన్న మాటలు ఉన్నాయి. పేరడీ అన్న మాటే లేదు. విమర్శ కిందికి వస్తుందని వాదించవచ్చు, కానీ ఆ వాదన వినిపించాల్సింది కోర్టులో, లాయరు ఫీజు కట్టి. నేను లాయర్ని కాను. కానీ నెలకు పదిహేను వేలు వచ్చే కుర్రాడు ఎక్కడ ఆగాలో చెప్పడానికి లాయరే కానక్కర్లేదు.

"ముప్పై శాతం మారిస్తే చాలట", "ఏడు సెకన్ల లోపు ఫర్వాలేదట", "డబ్బులు రాకపోతే కేసు ఉండదట". ఈ 'అట'లన్నీ ఎవరు పుట్టిస్తారో గానీ దొరికితే నాలుగు దులపాలని ఉంది. ఏ చట్టంలోనూ ఈ అంకెలు లేవు. 2024లో మిక్కీ ఫ్రీ అయిపోయాడన్నది ఇంకోటి. అమెరికాలో హక్కులు తీరింది 1928 నాటి నలుపు తెలుపు మిక్కీకి. మీ తమ్ముడి టీషర్టు మీద ఉన్నవాడికి కాదు.

అపోహ: పోటీ స్టూడియోలు బద్ధ శత్రువులు, ఒకచోట చేస్తే ఇంకోచోట తీసుకోరు

ఈ ప్రశ్న తల్లిదండ్రులు అడుగుతారు, నిజమైన భయంతో. టెన్షన్ పడకండి. డిస్నీలో లిలో అండ్ స్టిచ్ తీసిన క్రిస్ శాండర్స్, డీన్ డెబ్లోయిసే 2010లో డ్రీమ్‌వర్క్స్‌లో హౌ టు ట్రైన్ యువర్ డ్రాగన్ సినిమా తీశారు. 1930లో లూనీ ట్యూన్స్ కార్టూన్లు మొదలుపెట్టిన హార్మన్, ఐసింగ్ కూడా డిస్నీ నుంచి వెళ్ళినవాళ్ళే. లూనీ ట్యూన్స్ అన్న పేరు వింటేనే డిస్నీ వాళ్ళ సిల్లీ సింఫనీస్ కార్టూన్ల మీద ఎకసెక్కెమని తెలిసిపోతుంది. మన దగ్గరైతే ఒకే అవుట్‌సోర్సింగ్ కంపెనీలో పై అంతస్తులో ఒకరి పని, కింద వాళ్ళ పోటీదారు పని. ఫోన్లు లాకర్లో పెట్టి వెళ్ళాలి, అంతే.

అసలు బాధపడాల్సింది వాళ్ళ శత్రుత్వానికి కాదు, స్నేహానికి. ఒకరి ఉద్యోగుల్ని ఒకరు లాక్కోకుండా, జీతాలు పెరగకుండా స్టూడియోలు లోపల కుమ్మక్కయ్యాయని 2014లో యానిమేటర్లు కేసు పెట్టారు. డిస్నీ, దాని చేతిలోని పిక్సార్, లూకాస్‌ఫిల్మ్ కలిపి 10 కోట్ల డాలర్లు, డ్రీమ్‌వర్క్స్ 5 కోట్లు ఇచ్చి రాజీ చేసుకున్నాయి. తెర మీద మాత్రం ఒకరి పిట్టను ఒకరు పేల్చుకుంటూనే ఉన్నారు!

మిగతావి గబగబా

"1998లో రెండు చీమల సినిమాలు వచ్చాయి, ఎవరో ఒకరు కాపీ కొట్టినట్టే." డ్రీమ్‌వర్క్స్ వాళ్ళ యాంట్జ్ అక్టోబరులో, పిక్సార్ వాళ్ళ ఎ బగ్స్ లైఫ్ నవంబరులో వచ్చాయి. ఆ గొడవ వాళ్ళు వాళ్ళు పడ్డారు. చీమ ఎవరి సొత్తూ కాదు. ఆలోచనకు కాపీరైట్ లేదని మన సుప్రీంకోర్టు కూడా 1978లోనే చెప్పింది.

"పేరడీ పిల్లలకు అర్థం కాదు." అర్థం కానక్కర్లేదు. పిట్ట పేలితే పిల్లాడు చప్పుడుకు నవ్వుతాడు, పక్కన అమ్మ తను చిన్నప్పుడు చూసిన సినిమా గుర్తొచ్చి నవ్వుతుంది. చప్పుడు లేని పేరడీ త్వరగా ముసలిదవుతుంది. ఫియోనా గాల్లో ఆగి తన్నే షాట్ వేస్తే మొన్నటి బ్యాచ్‌లో ఒకమ్మాయి "స్లో మోషన్ బాగుంది మేడమ్" అంది. ఆ షాట్ ఆట పట్టించిన మ్యాట్రిక్స్ సినిమా పేరే వినలేదట.

"కంప్యూటరే అంతా చేస్తుంది." ఈ ముక్క అన్నవాళ్ళను ఒక్క వారం నా పక్క కుర్చీలో కూర్చోబెడతాను.

కుర్రాడి సంగతి చెప్పాలి. వాళ్ళ నాన్నకు విషయం తెలిసింది, పెద్దగా తిట్టలేదట. పోయినవారం కొత్త స్టోరీబోర్డు పంపాడు. రాకుమారి వాడు సొంతంగా గీసింది, కాస్త మెల్లకన్ను. హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంటు డాబా మీద బట్టలు ఆరేస్తూ తీయగా పాడుతుంది. పావురాలు గుంపుగా వచ్చి వాలతాయి. తర్వాత ఏం చేస్తాయో హైదరాబాద్ వాళ్ళకు చెప్పక్కర్లేదు. దుప్పటి మళ్ళీ ఉతకాలి. పావురం ముఖంలో ఏ భావమూ లేకుండా ఇంకో పన్నెండు ఫ్రేములు ఆపమని రాసి పంపాను.