పోయేటప్పుడు కృష్ణ, వచ్చేటప్పుడు మూసీ

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, చండూరు, నాంపల్లి వైపు ఊళ్లలో అరవై దాటినవాళ్లను వెనక నుంచి పిలిచి చూడండి. కొందరు మెడ తిప్పరు, మనిషి మొత్తం తిరుగుతారు. వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోయి కర్రలా బిగుసుకుపోయాయి. నవ్వితే పళ్ల మీద గోధుమరంగు గారలు. ఏళ్ల తరబడి తాగిన బోరింగు నీళ్లలోని ఫ్లోరైడ్ చేసిన పని ఇది. ఈ జబ్బు పేరు ఫ్లోరోసిస్.

తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపే ఉండాలి, వేరే దారి లేకపోతే ఒకటిన్నర దాకా సర్దుకోవచ్చు. మన దేశ ప్రమాణం అది. ఇక్కడి గ్రానైట్‌లో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఎక్కువ. వాన తక్కువ, ఎండ ఎక్కువ. రాతి పగుళ్లలో చాలాకాలం నిలిచిన నీరు ఆ ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటుంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే కొంతైనా పట్టి ఆపేది, ఇక్కడ అదీ తక్కువే.

ఇది నిన్నమొన్న తెలిసిన సంగతి కాదు. నెల్లూరు ప్రాంతంలో ఈ జబ్బును గుర్తించినట్టు 1937లోనే ప్రకటించారు. నల్లగొండ జిల్లా మీద 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం అచ్చయింది. అదే ఏడాది డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు నెహ్రూ పునాదిరాయి వేశారు. ఇక్కడి జబ్బు మీద వ్యాసం, మందుకు పునాది ఒకే ఏట. కానీ 1967లో ఎడమ కాల్వకు వదిలిన నీళ్లు పల్లం వెతుక్కుంటూ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పారాయి. ఎత్తున ఉన్న మునుగోడు, దేవరకొండ ప్రాంతాలకు అందలేదు. ఒకే జిల్లాలో ఒక పక్క వరి మడులు, ఇంకో పక్క చేతిపంపులు.

ఆ చేతిపంపులు వేసింది మంచి ఉద్దేశంతోనే. కలరా, నారికురుపు భయం ఉన్న రోజుల్లో దిగుడుబావి కన్నా బోరు నీళ్లు శుభ్రమన్నారు. క్రిముల సంగతి వరకు అది నిజమే.

1970లలో నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) పటిక, సున్నం, బ్లీచింగు పౌడరు కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతి రూపొందించి, దానికి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టింది. టాంజానియా, ఇథియోపియా దాకా ఆ పేరు వెళ్లింది. ఇంట్లో మాత్రం కష్టమైంది. రోజూ కొలిచి కలపాలి, తేరనివ్వాలి, అడుగున మిగిలిన బురదను ఎక్కడో పారబోయాలి. పొద్దున్నే కూలికి పోయే మనిషికి అంత ఓపిక, తీరిక ఎక్కడివి?

1996 లోక్‌సభ ఎన్నికల్లో నీళ్ల కోసం పోరాడుతున్న జలసాధన సమితి పిలుపుతో నల్లగొండలో పోటీకి దిగినవాళ్లతో కలిపి అభ్యర్థులు 480 మంది అయ్యారు. బ్యాలెట్ పేపరు పుస్తకమైంది, పోలింగు వాయిదా పడింది. చివరికి సీపీఐ నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. నీళ్ల కన్నా ముందు చట్టం కదిలింది: అదే ఏడాది లోక్‌సభ డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచారు.

ఇక 2004. సాగర్ వెనక జలాల నుంచి పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన కృష్ణ నీళ్లు అక్కంపల్లి జలాశయం, కోదండాపూర్ శుద్ధి కేంద్రం మీదుగా పైపుల్లో హైదరాబాద్ చేరాయి. 2008లో రెండో దశ, 2015లో మూడో దశ. మొత్తం రోజుకు 270 మిలియన్ గ్యాలన్లు. పట్నానికి నీళ్లు వద్దని ఎవరూ అనరు. కానీ పైపులు పోయిన దారికి ఆ పక్కా ఈ పక్కా ఫ్లోరైడ్ ఊళ్లే.

2015 జూన్‌లో చౌటుప్పల్‌లో ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్ లేచింది. తెలంగాణలో ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు సున్నా అని 2020లో కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. నల్లా నీళ్లు రావడం చిన్న మార్పు కాదు, ఇప్పటి పిల్లల పళ్లకు అది మేలే. అయితే ఆ సున్నా లెక్క నీటిది. వంగిన ఎముకలు నిటారు కావు. సాగునీటి కోసం తవ్వుతున్న ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాల్వ) సొరంగం ఇంకా పూర్తి కాలేదు. 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి 8 మంది లోపల చిక్కుకుపోయారు.

పట్నం వాడుకున్న నీళ్లు ఎటు పోతాయి? మూసీలోకి. శుద్ధి అయింది కొంత, కానిది కొంత, ఫ్యాక్టరీల వ్యర్థాలు కలిసింది కొంత. నదికి అడ్డంగా కట్టిన కత్వల దగ్గర తెల్లటి నురగ కట్టి, గాలికి ముద్దలు ముద్దలుగా లేస్తుంది. పిల్లాయిపల్లి, ధర్మారెడ్డి, బునాదిగాని కాల్వల కింద ఆ నీళ్లతోనే వరి. నీళ్లు ఏడాది పొడుగునా ఉంటాయి కాబట్టి రైతు కాదనలేడు. దిగితే కాళ్లు దురద పెడతాయి.

ఆ మూసీ పాత నల్లగొండ జిల్లా అంతా దాటి, సాగర్‌కు దిగువన వాడపల్లి దగ్గర మళ్లీ కృష్ణలో కలుస్తుంది. 2016 పుష్కరాల్లో జనం ఆ సంగమంలోనే మునిగారు.