గాడిదల్ని వెతకబోయి రాజైన సౌలు: పిల్లలకు ఉత్తరం

చిన్నోడికీ, పెద్దదానికీ, మీతో సండే స్కూల్‌కి వచ్చే పిల్లలందరికీ,

మొన్న చిన్నోడు ఫోన్‌లో అడిగిన ప్రశ్న ఫోన్‌లో తేలేది కాదు, అందుకే కూర్చుని రాస్తున్నాను. "అమ్మమ్మా, సౌలుని రాజుని చేసింది దేవుడే కదా, మరి అంత ఘోరంగా ఎలా పాడైపోయాడు, దేవుడికి ముందే తెలీదా?" అన్నాడు. ఆ చివరి ముక్క ఉంది చూశారూ, దేవుడికి ముందే తెలీదా అన్నది, దాని మీద మహా మహా పండితులే ఇంకా వాదించుకుంటున్నారు, దాన్ని నా నెత్తిన పెట్టకండి. సౌలు ఎలా పాడయ్యాడో మాత్రం నాకు తోచింది చెప్తాను.

మీకు బొమ్మల్లో చూపించే సౌలు ఎప్పుడూ ఈటె పట్టుకుని కళ్ళెర్రజేసి ఉంటాడు. అది చివరి సౌలు. మొదటి సౌలు చాలా మంచి కుర్రాడు. బెన్యామీను గోత్రం వాడు, తండ్రి పేరు కీషు, గాడిదలు తప్పిపోతే వెతుక్కురమ్మని పంపాడు. ఓ పనివాణ్ణి వెంటబెట్టుకుని ఆ కొండ ఊళ్ళన్నీ తిరిగాడు, గాడిదలు దొరకలేదు. అప్పుడేమంటాడంటే, "పద వెళ్ళిపోదాం, ఇంకా ఆలస్యమైతే నాన్న గాడిదల సంగతి మానేసి మన గురించి టెన్షన్ పడతాడు" అంటాడు. పనివాడేమో ఈ ఊళ్ళో ఒక దైవజనుడున్నాడట, అడిగి చూద్దాం అన్నాడు. ఉత్త చేతులతో ఎలా వెళ్తాం, సంచిలో రొట్టెలు కూడా అయిపోయాయి కదా అని సౌలు నసిగాడు. చివరికి పనివాడి దగ్గరే పావు తులం వెండి ఉంటే అది కానుకగా ఇద్దామనుకుని వెళ్ళారు. రాజు కాబోయేవాడి జేబులో చిల్లిగవ్వ లేదన్నమాట! ఆ దైవజనుడే సమూయేలు. మర్నాడు పొద్దున్నే ఊరి చివర పనివాణ్ణి ముందు నడవమని చెప్పి, తైలపు బుడ్డి తీసి సౌలు తల మీద పోశాడు, అంటే రాజుగా అభిషేకించాడన్నమాట.

ఇదంతా ఎప్పటి మాట అంటే క్రీస్తు పుట్టడానికి సుమారు వెయ్యేళ్ళ ముందు. అప్పటిదాకా ఇశ్రాయేలీయులకి రాజు లేడు. సమూయేలు ముసలివాడైపోయాడు, ఆయన కొడుకులేమో లంచాలు మరిగారు, పక్కనుంచి ఫిలిష్తీయులు తొక్కేస్తున్నారు. ఎంతగా అంటే దేశం మొత్తమ్మీద ఒక్క కమ్మరి లేకుండా చేశారు. కత్తులూ ఈటెలూ చేసుకుంటారని. రైతు తన నాగలి కర్రుకీ గొడ్డలికీ పదును పెట్టించుకోవాలన్నా శత్రువు దగ్గరికే వెళ్ళి డబ్బిచ్చి పెట్టించుకోవాలి. యుద్ధం వచ్చిన రోజున సౌలుకీ అతని కొడుకు యోనాతానుకీ తప్ప ఇంకెవరి చేతిలోనూ కత్తి గానీ ఈటె గానీ లేదని రాసి ఉంది. ఇలాంటి జనం మాకూ ఒక రాజు కావాలని అడగడంలో నాకైతే ఆశ్చర్యం లేదు.

మిస్పాలో సమూయేలు అందర్నీ పోగుచేసి చీట్లు వేస్తే సౌలు పేరే వచ్చింది. మనిషి లేడు! వెతికితే సామాన్ల మధ్య దాక్కుని ఉన్నాడు. లాక్కొచ్చి నిలబెడితే అందరికంటే తలా భుజాలూ ఎత్తు. ప్రసంగాల్లో దీన్ని వినయం కింద చెప్తుంటారు. నాకు అలా అనిపించదు పిల్లలూ. అందులో వినయం కొంత ఉంటే ఉండొచ్చు గానీ, నలుగురూ నన్ను చూస్తారు, ఏమనుకుంటారో అన్న బెదురే ఎక్కువ కనిపిస్తుంది నాకు. ఈ బెదురుని గుర్తుపెట్టుకోండి, రాజ్యం వచ్చాక కూడా ఇది అతన్ని వదల్లేదు, వేషం మార్చుకుంది అంతే.

అలాగని మొదట్లోనే చెడిపోలేదు. కొందరు "వీడా మనల్ని కాపాడేది" అని వెక్కిరిస్తే వినపడనట్టు ఊరుకున్నాడు. రాజయ్యాక కూడా ఎడ్లు తోలుకుంటూ పొలం నుంచి వస్తున్నాడు, అప్పుడు తెలిసింది, అమ్మోనీయుడైన నాహాషు యాబేష్ గిలాదు ఊరిని ముట్టడించి, మీ అందరి కుడి కళ్ళూ పీకేస్తేనే సంధి అంటున్నాడని. కుడి కన్నే ఎందుకంటే ఇశ్రాయేలు మొత్తానికి తలవంపులు తేవడానికట. సౌలు మూడు గుంపులుగా సైన్యాన్ని చీల్చి తెల్లవారుజామున వాళ్ళ దండు మీద పడి, ఎండెక్కేసరికి ఇద్దరు కలిసి పారిపోకుండా చెదరగొట్టేశాడు. గెలిచాక జనం, నిన్ను వెక్కిరించినవాళ్ళని పట్టిస్తాం చంపెయ్ అంటే, ఈ రోజు ఎవర్నీ చంపడానికి వీల్లేదు అన్నాడు. సౌలు జీవితంలో అంతకంటే ఎత్తైన రోజు ఇంకోటి లేదని నా ఉద్దేశం. యాబేష్ వాళ్ళు దీన్ని మర్చిపోలేదు, ఆ సంగతి తర్వాత.

జారడం గిల్గాలులో మొదలైంది. నేను వచ్చేదాకా ఏడు రోజులు ఆగు అన్నాడు సమూయేలు. ఫిలిష్తీయులు మిక్మషులో దిగారు, వీళ్ళ సైనికులు గుహల్లోకీ గోతుల్లోకీ పోయి దాక్కుంటున్నారు, కొందరు యొర్దాను దాటి పారిపోయారు, చివరికి ఆరు వందల మందే మిగిలారు. ఏడో రోజు వచ్చింది, సమూయేలు రాలేదు. ఇక ఆగలేక, సమూయేలు అర్పించాల్సిన దహనబలి తానే అర్పించేశాడు. అది ముగిసిందో లేదో సమూయేలు వచ్చాడు. ఇక్కడ సౌలు మీద నాకు జాలే. ఆ స్థితిలో ఎవరికైనా కాళ్ళు వణుకుతాయి. కానీ ఏం చేశావు అని అడిగితే అతనిచ్చిన జవాబు చూడండి: జనం చెదిరిపోతున్నారు, నువ్వు చెప్పిన టైముకి రాలేదు, ఫిలిష్తీయులు వచ్చి పడతారనుకున్నాను, అందుకే తెగించి చేశాను. తప్పు తప్ప అన్నీ ఉన్నాయి అందులో.

అమాలేకీయులనే శత్రుజాతి మీద యుద్ధానికి వెళ్ళినప్పుడు ఇంకా ముదిరింది. ఆ యుద్ధంలో పశువులతో సహా అందర్నీ చంపమని దేవుడిచ్చిన ఆజ్ఞ గురించి పెద్దది ఇంతకు ముందే గొడవపడింది నాతో. అది నాకూ మింగుడుపడదు, చక్కగా సర్దిచెప్పే మాట నా దగ్గర లేదు, ఉన్నట్టు నటించను. ఇప్పుడు సౌలు సంగతే చూద్దాం. వాళ్ళ రాజు అగగుని బతకనిచ్చాడు, కొవ్విన గొర్రెల్నీ ఎద్దుల్నీ అట్టేపెట్టాడు, పనికిరానివాటిని మాత్రం నాశనం చేశాడు. అంటే అది దయ కూడా కాదు. దారిలో తన పేరున ఒక జ్ఞాపక స్తంభం కూడా నిలబెట్టుకున్నాడు, సామాన్లలో దాక్కున్నవాడు! సమూయేలు రాగానే "యెహోవా ఆజ్ఞ నెరవేర్చాను" అని ఎదురొచ్చాడు. మరి నా చెవికి వినిపిస్తున్న ఈ గొర్రెల అరుపులేమిటయ్యా అన్నాడు ముసలాయన. బైబిల్లో నాకు బాగా నచ్చిన ప్రశ్నల్లో అదొకటి. జనం తెచ్చారు అన్నాడు సౌలు. బలి ఇవ్వడానికి అన్నాడు. గట్టిగా నిలదీస్తే, పాపం చేశాను, జనానికి భయపడి వాళ్ళ మాట విన్నాను అన్నాడు. అదీ అసలు మాట, అక్కడే ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. "పాపం చేశాను, అయినా పెద్దల ముందు, జనం ముందు నా పరువు నిలబెట్టు" అన్నాడు. అప్పటికే సమూయేలు వెళ్ళిపోబోతుంటే పట్టుకున్న పైబట్ట చెంగు చిరిగి చేతిలోకి వచ్చింది, రాజ్యం పోయిందని కూడా విన్నాడు, ఇంకా పెద్దలు ఏమనుకుంటారనే దిగులు.

సౌలు తర్వాత రాజైన దావీదు మంచివాడు, సౌలు చెడ్డవాడు అని మీరు తేల్చేస్తారేమో. దావీదు బత్షెబ విషయంలో చేసింది, ఆమె భర్త ఊరియాని యుద్ధంలో చంపించింది, సౌలు గొర్రెల కంటే చాలా పెద్ద పాపం. కానీ నాతాను ప్రవక్త వచ్చి "ఆ మనుష్యుడవు నీవే" అన్నప్పుడు దావీదు జనం అనలేదు, టైము అనలేదు. యెహోవాకు విరోధంగా పాపం చేశాను అన్నాడు, నోరు మూసుకున్నాడు.

ఇక దావీదు గొల్యాతుని కొట్టి వచ్చాక ఆడవాళ్ళు తంబురలు పట్టుకుని పాడిన పాట మీకు కంఠతా వచ్చు: సౌలు వేలమందిని, దావీదు పదివేలమందిని. పాట కట్టిన వాళ్ళు సౌలుని తిట్టలేదు, వేలమందిని చంపాడని పొగిడారు కూడా. అతనికి ఆ రెండో అంకే వినపడింది. ఆ రోజు నుంచి దావీదు మీద కన్నేసి ఉంచాడని ఉంది. తన మనసు బాగోలేనప్పుడు సితారా వాయించి ఊరట ఇచ్చిన పిల్లాడి మీదే ఈటె విసిరాడు. దావీదుకి ప్రాణస్నేహితుడని కన్నకొడుకు యోనాతాను మీద కూడా విసిరాడు. కూతురు మీకాలు తన మొగుడు దావీదుని కిటికీలోంచి దింపి, మంచంలో బొమ్మని పడుకోబెట్టి దుప్పటి కప్పి తండ్రి మనుషుల్ని ఏమార్చాల్సి వచ్చింది. ఆ ఇంట్లో పిల్లల పరిస్థితి ఆలోచించండి.

అన్నిట్లోకీ నాకు చదవడానికి కష్టమైంది మొదటి సమూయేలు 22వ అధ్యాయం. తన ఊరు గిబియాలో చెట్టు కింద చేతిలో ఈటెతో కూర్చుని తన కొలువు వాళ్ళతో అంటాడు: యెష్షయి కొడుకు (అంటే దావీదు) మీకు పొలాలిస్తాడా, ద్రాక్షతోటలిస్తాడా, మీరంతా నా మీద కుట్ర చేశారు, నా గురించి బాధపడేవాడు మీలో ఒక్కడూ లేడు. అలిగిన పిల్లాడి మాటలే, కాకపోతే ఈ పిల్లాడి వెనక సైన్యం ఉంది. దావీదుకి రొట్టెలిచ్చాడని నోబులో యాజకుడు అహీమెలెకునీ, అతని వాళ్ళనీ చంపమన్నాడు. సౌలు సొంత కాపలావాళ్ళు చెయ్యి ఎత్తలేదు, ఒక్కరు కూడా. ఎదోమీయుడైన దోయేగు ముందుకొచ్చి ఎనభై అయిదుగురిని చంపాడు. వెక్కిరించినవాళ్ళని ఈ రోజు చంపడానికి వీల్లేదు అన్న రాజే ఇతను. తన ఊళ్ళో, తనవాళ్ళ మధ్యే. గిబియా అంటే యెరూషలేముకి కాస్త ఉత్తరాన టెల్ ఎల్ ఫూల్ అనే దిబ్బ అని చాలామంది పండితులు అంటారు. దాని మీద జోర్డాను రాజు హుస్సేను 1960ల్లో ఒక భవనం కట్టించడం మొదలుపెట్టాడు, 1967 యుద్ధంతో అది మొండిగోడలుగా ఆగిపోయింది. ఆ కొండకి రాజులు అచ్చిరాలేదనుకుంటాను!

సౌలు పూర్తిగా రాయి అయిపోయాడనుకోకండి. ఏన్గెదీ గుహలో దావీదు చేతికి చిక్కాడు, దావీదు చంపకుండా బట్ట చెంగు మాత్రం కోసుకుని, బయటికి వచ్చాక దూరం నుంచి పిలిచి చూపించాడు. సౌలు బావురుమని ఏడ్చాడు, నువ్వు నాకంటే నీతిమంతుడివి అన్నాడు. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు. కానీ తర్వాత మళ్ళీ మూడు వేలమందిని వెంటేసుకుని అతని కోసమే బయల్దేరాడు.

చివరి రోజుల్లో ఫిలిష్తీయులు షూనేములో దిగితే సౌలు గిల్బోవలో ఉన్నాడు. దేవుణ్ణి అడిగాడు, కలలోనూ జవాబు లేదు, ప్రవక్తల ద్వారా కూడా లేదు. సోదె చెప్పేవాళ్ళని దేశంలోంచి తరిమిందే తను, ఇప్పుడు మారువేషంలో రాత్రిపూట ఏన్దోరులో సోదె చెప్పే ఆవిడ ఇంటికి వెళ్ళాడు. చనిపోయిన సమూయేలుని పిలిపించుకుని, రేపు నువ్వూ నీ కొడుకులూ నా దగ్గర ఉంటారు అన్న మాట విని నిలువునా నేల మీద పడిపోయాడు, పగలూ రాత్రీ ఏమీ తినలేదు మరి. అప్పుడు ఆవిడ, ఇతనెవరో తెలిశాక కూడా, బతిమాలి లేపి మంచం మీద కూర్చోబెట్టి, ఇంట్లో ఉన్న కొవ్విన దూడని కోసి, పిండి పిసికి రొట్టెలు కాల్చి పెట్టింది. సౌలు తిన్న ఆఖరి భోజనంగా బైబిల్ చెప్పేది ఇదే.

మర్నాడు యుద్ధంలో యోనాతానూ ఇంకో ఇద్దరు కొడుకులూ పోయారు. బాణాలు తగిలి, శత్రువు చేతికి చిక్కకూడదని సౌలు తన కత్తి మీద తనే పడ్డాడు. ఫిలిష్తీయులు ఆ శవాన్ని బేత్షాను గోడకి తగిలించారు. ఆ కబురు యాబేష్ గిలాదుకి చేరింది. కుడి కళ్ళు నిలిచిన ఊరు. అక్కడి బలశాలులు రాత్రంతా నడిచి వెళ్ళి సౌలునీ కొడుకులనీ గోడ మీద నుంచి దించి తెచ్చి, దహనం చేసి, ఎముకల్ని చెట్టు కింద పాతిపెట్టి, ఏడు రోజులు ఉపవాసం ఉన్నారు. అప్పటికి దావీదు ఇంకా రాజు కాలేదు, అతను కూడా ఏడ్చి, సౌలు మీదా యోనాతాను మీదా పాట కట్టి జనానికి నేర్పించాడు. అందులో నోబు మాట లేదు, ఈటెల మాట లేదు. రెండో సమూయేలు 1వ అధ్యాయంలో ఉంది, పైకి చదవండి, బాగుంటుంది.

ఏన్దోరు అధ్యాయం మాత్రం రాత్రి పూట చదవకండి, భయపడి మీ అమ్మని లేపుతారు, అది నన్ను తిడుతుంది. చిన్నోడూ, యోనాతాను కొడుకు మెఫీబోషెతు గురించి అడిగావు కదా, అది సౌలు కుటుంబానికి తర్వాత ఏమైందన్న కథ, వచ్చే ఉత్తరంలో రాస్తాను. ఈలోపు నువ్వు 11, 22 అధ్యాయాలు రెండూ పక్కపక్కన పెట్టి చదివి, ఆ ఇద్దరు సౌలులకీ మధ్య నీకు ఏది కనపడిందో నాకు రాయి. ఫోన్ వద్దు, కాగితం మీద.

మీ అమ్మమ్మ