పొట్టి కాళ్ల లెక్క

పుంగనూరు ఆవును చూసి మురిసిపోయే జిల్లా మాది. పొట్టిదైతే చాలు, ముద్దొస్తుంది. అందుకేనేమో రెండేళ్ల కిందట చిత్తూరు సంతలో జపనీస్ బాంటం కోళ్లు కనపడగానే బేరం కూడా సరిగ్గా ఆడకుండా ఒక పుంజును, రెండు పెట్టలను తెచ్చేశాను. కాళ్లు ఉన్నాయో లేవో తెలియదు, పొట్ట నేలకు రాసుకుంటుంది. తోక మాత్రం నిటారుగా లేచి తలకంటే ఎత్తుగా ఉంటుంది. బాంటం అన్న పేరు జావా దీవిలోని బాంటెన్ రేవుది. అక్కడి చిన్న కోళ్లను ఐరోపా నావికులు ఊరి పేరుతోనే పిలిచారు. ఇప్పుడు ఏ జాతిలో చిన్న సైజు రకమైనా బాంటమే.

తిరుపతి ఎండల్లో గుడ్లు దాచడం కష్టం. గది బాగా వేడెక్కితే పొదగకముందే లోపల పిండం అరకొరగా కదులుతుంది, తర్వాత చస్తుంది. అందుకని కార్తీకం దాకా ఆగి, వారం పది రోజుల్లో పెట్టిన పన్నెండు గుడ్లను ఒక నాటుపెట్ట కింద పొదగేశాను. ఏడో రోజు రాత్రి ఫోన్ టార్చి మీద ఒక్కో గుడ్డే పెట్టి చూశాను. ఎనిమిదింటిలో నరాలు సాలెగూడులా పాకి, మధ్యలో నల్లటి చుక్క కదులుతోంది. నాలుగింటిలో మాత్రం సన్నటి ఎర్ర గీత ఉంగరంలా చుట్టుకుని ఉంది, అంతే. "దిష్టి నాయనా, పుంజుకు ఎర్రనీళ్లు తిప్పు" అంది పక్కింటి అవ్వ. ఇరవయ్యొకటో రోజుకి ఎనిమిది పిల్లలూ వచ్చాయి. పెరిగే కొద్దీ అందులో మూడింటికి కాళ్లు పొడుగయ్యాయి. సంతలో నన్ను మోసం చేశారనుకున్నాను.

మోసం కాదు, దిష్టీ కాదు. కాళ్లను పొట్టి చేసే జన్యువు పేరు క్రీపర్. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కటే వస్తే పొట్టి కాళ్లు. ఇద్దరి నుంచీ వస్తే పిండం చాలావరకు మూడు నాలుగు రోజులకే ఆగిపోతుంది. నేను చూసిన ఎర్ర ఉంగరం అదే. అంటే బతికున్న ప్రతి పొట్టికాళ్ల కోడిలోనూ ఒకటే క్రీపర్ ఉంటుంది, రెండోది మామూలు జన్యువు. ఎన్ని తరాలు పెంచినా అన్నీ పొట్టివే పుట్టవు. లెక్క ప్రకారం పన్నెండింటికి మూడు చావాలి, ఆరు పొట్టివి, మూడు పొడుగువి. నాకు నాలుగు, అయిదు, మూడు వచ్చాయి. ఇంత తక్కువ గుడ్లలో అదీ దగ్గర లెక్కే. పొట్టిదాన్ని పొడుగుదానితో జత కడితే సగం సగం వస్తాయి, ఈ కారణంతో ఒక్క గుడ్డూ పోదు.

నీలం రంగు ఈకలదీ ఇదే లెక్క, చావు లేదంతే. నీలం పుంజుకు నీలం పెట్టను కడితే సగమే నీలం. పావు వంతు నలుపు, మిగతా పావు తెలుపు మీద చుక్కలు. ఆ నలుపునూ చుక్కలదాన్నీ కలిపితే పిల్లలన్నీ నీలమే!

ఇలాంటి కోళ్లకు పెట్టే ప్రదర్శన పోటీల్లో జడ్జి ముద్దుతనం చూడడు. జాతికి రాసిపెట్టిన కొలతలుంటాయి, బ్రిటన్‌లో 1865 నుంచే అచ్చయ్యాయి. కాలు, తోక, జుట్టు, రంగు అన్నీ దాంతో పోలుస్తాడు. అందుకే కొత్తవాళ్లు ఒక జాతి, ఒక రంగుతో ఆగితే మంచిది. కాలికి నంబరు రింగు, ఒక నోటుబుక్కు తప్పనిసరి. పోటీకి రెండు మూడు రోజుల ముందు గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయించి బాగా ఆరబెట్టాలి. తిరిగొచ్చాక రెండు మూడు వారాలు వేరే గూట్లో ఉంచాలి. కొక్కెర తెగులుకు టీకా వేయించినా సరే, ఇందులో బద్ధకం పనికిరాదు.

పొడుగుకాళ్ల పుంజు మీద అవ్వకు రాగిసంకటి ఆలోచన ఉంది. నేను దానికి పొట్టి పెట్టను జత కట్టాను.