ఇరవై రెండు గంటల ఆలస్యం

రక్తం తాగే పిశాచం కౌంట్ డ్రాక్యులా తన కోట వదిలి లండన్‌కు వచ్చే కథ, బ్రామ్ స్టోకర్ నవల ‘డ్రాక్యులా’, 1897లో లండన్‌లో అచ్చయింది. అందులో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా భయపెట్టేది ట్రాన్సిల్వేనియా కోట కాదు, ఒక టెలిగ్రాం.

సెప్టెంబరు 17. కౌంట్ రాత్రుళ్లు వచ్చి రక్తం పీలుస్తున్న లూసీ అనే యువతికి వైద్యం చేస్తున్న డాక్టర్ సీవార్డ్ అలసిపోయి ఉన్నాడు. తన గురువు వాన్ హెల్సింగ్ నుంచి పిలుపు రాకపోవడమే మేలయింది, ఈ రాత్రికి నిద్రపోవచ్చు అని తన దినచర్యలో చెప్పుకుంటాడు. ఆ వెంటనే వాన్ హెల్సింగ్ తంతి: ఈ రాత్రి తప్పకుండా లూసీ ఇంట్లో ఉండు. దాని పక్కనే చిన్న గమనిక. చిరునామాలో కౌంటీ (మన జిల్లా లాంటిది) పేరు రాయకపోవడంతో ఎసెక్స్‌కు చేరవలసిన తంతి ససెక్స్‌కు వెళ్లి 22 గంటలు ఆలస్యంగా అందింది. లూసీకి కాపలా లేదని మనకు తెలిసిపోయింది. సీవార్డ్ నిశ్చింతగా పడుకున్నాడు. అక్కడ రక్తం లేదు, అరుపు లేదు, రెండు కాగితాలు పక్కపక్కన ఉన్నాయి, అంతే.

దానికి కాస్త ముందే ఒక పత్రికా వార్త వస్తుంది. లండన్ జంతుప్రదర్శనశాల నుంచి తప్పించుకున్న తోడేలు తిరిగి వచ్చింది, తలనిండా గాజుపెంకులు. ఎందుకో దాని కాపరికి అంతుపట్టదు. కొన్ని పుటల తర్వాత లూసీ రాసిపెట్టిన చీటీలో, పగిలిన కిటికీలోంచి తోడేలు తల లోపలికి వస్తుంది. గాయం ముందు, కారణం తర్వాత. ఆ చీటీ చదువుతున్నప్పుడు ఏం జరగబోతోందో మనకు తెలుసు, ఆపే దారి లేదు. ఉత్కంఠ అంటే ఇదే.

నవలంతా ఇలాగే దినచర్యలు, ఉత్తరాలు, ఓడ లాగ్‌బుక్కు, వార్తల కత్తిరింపులతో నడుస్తుంది. అన్నీ తెలిసిన కథకుడు లేడు. ఈ పద్ధతి స్టోకర్ కనిపెట్టినది కాదు. విల్కీ కాలిన్స్ 1859-60లో, కోర్టులో సాక్షుల్లా ఒకరి తర్వాత ఒకరు చెప్పే నవలను డికెన్స్ వారపత్రికలో సీరియల్‌గా నడిపాడు. అక్కడ పాఠకుణ్ణి వారం పాటు నిలబెట్టింది పత్రిక. ‘డ్రాక్యులా’ ఒకేసారి పుస్తకంగా వచ్చింది కాబట్టి ఆ నిరీక్షణను స్టోకర్ కాగితాల వరుసలోనే అమర్చుకోవలసి వచ్చింది.

1764లో హొరేస్ వాల్‌పోల్ మొదలుపెట్టిన గోథిక్ కథ, అంటే పాత కోటలతో, దెయ్యాలతో భయపెట్టే కథ, మధ్యయుగపు ఇటలీలో జరుగుతుంది. లండన్ పాఠకుడికి అది చాలా దూరం. స్టోకర్ భయాన్ని ఆ పాఠకుడు రోజూ నమ్ముకునే వాటిలోనే పెట్టాడు. మొదటి పేరాలోనే రైలు గంట ఆలస్యం. కౌంట్‌కు ఇల్లు ఎక్కడో కొండల్లోనే కాదు, లండన్ నడిబొడ్డున పికడిల్లీలోనూ ఉంది. ఇక కౌంట్ మాటేమిటి? 27 అధ్యాయాల్లో మొదటి నాలుగింటి తర్వాత మెరుపులా తప్ప కనిపించడు. ముఖ్య పాత్రల్లో చాలామందికి దినచర్యలున్నాయి, అతనికి లేదు. అతని మనసులో ఏముందో చెప్పే పుట ఒక్కటీ లేకపోవడమే అతనికి అంత బలం ఇచ్చిందని నా నమ్మకం.

అందుకే ఎదురుదాడి లూసీ స్నేహితురాలు మీనా టైపు మిషను దగ్గర మొదలవుతుంది. విడివిడి కాగితాలన్నిటినీ తేదీల వరుసలో టైపు చేస్తుంది. అప్పటిదాకా పాఠకుడికి మాత్రమే తెలిసినది పాత్రలకూ తెలుస్తుంది. కౌంట్ వచ్చి ఆ ప్రతిని తగలబెడతాడు, కానీ ఇంకో ప్రతి ఇనప్పెట్టెలో భద్రంగా ఉంటుంది.

చివరి గమనికలో స్టోకర్ ఇంకో మెలిక పెట్టాడు. ఏడేళ్ల తర్వాత మీనా భర్త జోనాథన్ హార్కర్ ఆ కట్ట తీసి చూస్తే దాదాపు అన్నీ టైపు చేసిన కాగితాలే, అసలు పత్రం అనదగినది లేనట్టే. ఇన్ని సాక్ష్యాలు చదివించి, వాటిలో ఏదీ రుజువుగా నిలవదని ఆ పాత్రల చేతనే ఒప్పించాడు.