ఆడవారి గుండెకు మగవారి కొలత

గుండె కవాటాల శస్త్రచికిత్స చరిత్రలో తొలి రోగులు ఎక్కువగా ఆడవారే. 1923లో బోస్టన్‌లో ఎలియట్ కట్లర్ గుండె ఎడమ పైగదికి, కింది గదికి మధ్య ఉండే, బిగుసుకుపోయిన మైట్రల్ కవాటాన్ని కోసి తెరిచింది 12 ఏళ్ల బాలికకు. రెండేళ్ల తర్వాత లండన్‌లో హెన్రీ సౌటర్ ఒక యువతి గుండె పైగదిలోకి వేలు పోనిచ్చి, కవాటాన్ని తడిమి, ఆ వేలితోనే దారి వెడల్పు చేశారు. ఆమె కోలుకుని ఇంటికి వెళ్లింది. అయినా వైద్యులు ఆయన దగ్గరకు మరో రోగిని పంపలేదు. 1948లో ఫిలడెల్ఫియాలో చార్లెస్ బెయిలీ వరుస వైఫల్యాల తర్వాత ఒకరిని బతికించగలిగారు. ఆమె వయసు 24. 1960లో అమెరికాలో మైట్రల్ కవాటం స్థానంలో కృత్రిమ కవాటాన్ని తొలిసారి విజయవంతంగా అమర్చిన బృందానికి నాయకురాలు నీనా బ్రౌన్‌వాల్డ్. ఆ కవాటాన్ని రూపొందించిందీ ఆమే. ఈ పేరు మన వైద్య విద్యార్థుల్లో ఎందరికి తెలుసో!

తొలి రోగుల్లో ఆడవారే ఎక్కువ కావడానికి కారణం రుమాటిక్ జ్వరం. చిన్నతనంలో గొంతునొప్పిగా మొదలై, కీళ్లను బాధించి, చివరకు కవాటాలను పాడుచేసే ఈ జబ్బులో మైట్రల్ కవాటం దారి సన్నబడటం స్త్రీలలోనే ఎక్కువ. పాశ్చాత్య దేశాల్లో మెరుగైన ఇళ్లు, పెన్సిలిన్ వచ్చాక అది తగ్గిపోయింది. అక్కడ వైద్యుల దృష్టి వృద్ధాప్యంలో వచ్చే కవాట వ్యాధుల వైపు మళ్లింది. ఆపరేషన్ ఎప్పుడు చేయాలన్న కొలతలు ఆ దశలోనే స్థిరపడ్డాయి. ఆ కొలతలకు ఆధారమైన అధ్యయనాల్లో మగవారే ఎక్కువ.

కవాటం లీకవుతుంటే గుండె కింది గది సాగుతుంది. అది ఎన్ని మిల్లీమీటర్లకు చేరితే శస్త్రచికిత్స చేయాలో మార్గదర్శకాలు చెబుతాయి. స్త్రీ గుండె సహజంగానే చిన్నది. ఆ అంకెకు చేరేలోపే ఆమె గుండె చాలా దెబ్బతినవచ్చు. గుండె నుంచి ఒంటికి రక్తం వెళ్లే ద్వారమైన అయోర్టిక్ కవాటం లీకైన రోగులపై అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 1996లో ప్రచురించిన అధ్యయనంలో ఇదే బయటపడింది. స్త్రీలు ఆయాసం బాగా ముదిరాకే ఆపరేషన్‌కు వచ్చారు. ఆ తర్వాతి ఏళ్లలో బతికి ఉన్నవారి శాతం మగవారిలో కంటే వారిలో చాలా తక్కువగా ఉంది. ఇన్ని తెలివైన పరికరాలున్నా, శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకోవడమనే చిన్న సవరణ ఇంత ఆలస్యం కావడం నాకు బాధగా ఉంటుంది.

అయోర్టిక్ కవాటం సన్నబడినప్పుడు చిక్కు ఇంకో రకం. మగవారి కవాటంలో సున్నం బాగా పేరుకుంటుంది. ఆడవారిలో సున్నం తక్కువ, నారలాంటి కణజాలం ఎక్కువ. కాబట్టి సీటీ స్కాన్‌లో సున్నం స్కోరు తక్కువ వచ్చినా వ్యాధి తీవ్రంగానే ఉండవచ్చు. 2017 యూరోపియన్ మార్గదర్శకాలు వేర్వేరు గీతలు గీశాయి: పురుషులకు 2,000, స్త్రీలకు 1,200.

2002లో ఫ్రాన్స్‌లోని రువాన్‌లో అలాన్ క్రిబియే ఛాతీ తెరవకుండా క్యాథెటర్ అనే సన్నని గొట్టం ద్వారా అయోర్టిక్ కవాటం అమర్చారు. ఈ పద్ధతి స్త్రీలకు మేలన్న సూచనలు తర్వాతి పరీక్షల్లో కనిపిస్తూ వచ్చాయి. అయితే కేవలం స్త్రీలతోనే జరిపిన రియా పరీక్ష ఫలితాలు రావడానికి 2024 దాకా ఆగాల్సి వచ్చింది. యూరప్‌లో 443 మందిపై జరిగిన ఈ పరీక్షలో ఏడాదిలోగా మరణం, పక్షవాతం, లేదా మళ్లీ ఆసుపత్రిలో చేరడం క్యాథెటర్ పద్ధతిలో 8.9 శాతం, శస్త్రచికిత్సలో 15.6 శాతం. తేడా ప్రధానంగా వచ్చింది మళ్లీ ఆసుపత్రిలో చేరడం తగ్గినందువల్లే.

ఆ ఫలితం వయసు మళ్లిన యూరప్ స్త్రీలది. మన దగ్గర రుమాటిక్ జబ్బు ఇంకా పోలేదు. వెల్లూరు సీఎంసీ వైద్యులు 1983లో ఏకంగా 3,724 మైట్రల్ శస్త్రచికిత్సల అనుభవాన్ని ప్రచురించారంటే దాని భారం ఊహించవచ్చు. ఎందరో స్త్రీలలో ఆ జబ్బు గర్భంతోనే బయటపడుతుంది. అప్పుడు రక్త పరిమాణం దాదాపు సగం పెరుగుతుంది, సన్నబడిన కవాటం అంత రక్తాన్ని పోనివ్వలేదు. నీళ్ల బిందె ఎత్తలేక ఆయాసపడే కోడలికి ఇంట్లోవారు కడుపుతో ఉంటే అంతేనంటారు. ఎకో పరీక్ష దాకా తీసుకెళ్లేవారు తక్కువ.

లోహపు కవాటం వేస్తే రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ మందు జీవితాంతం వాడాలి. అది గర్భస్థ శిశువుకు ప్రమాదం. జంతు కణజాలపు కవాటమైతే వయసులో ఉన్నవారిలో త్వరగా పాడై, రెండో ఆపరేషన్ తప్పదు. రుమాటిక్ గుండె జబ్బుతో పాటు గుండె లయ తప్పినవారిపై, భారత్ సహా 24 దేశాల్లో జరిపిన ఇన్విక్టస్ పరీక్ష 2022లో వెలువడింది. అందులో పాల్గొన్నవారిలో 72 శాతం స్త్రీలే. కొత్త మందు కంటే వార్ఫరిన్ తరహా పాత మందులే మేలని అది తేల్చింది. పిల్లలు కావాలనుకునే పాతికేళ్ల స్త్రీ ముందు మాత్రం ఆ పాత చిక్కుముడి అలాగే ఉంది.