కడప మిద్దె మీద ఇరవై మీటర్ల తీగ

హ్యామ్ లైసెన్సు, అంటే సరదాకి సొంత రేడియో స్టేషన్ నడుపుకునే అనుమతి, చేతికొచ్చిన కుర్రవాళ్లు మొదట అడిగేది ఒకటే: "అన్నా, ఏ రేడియో కొనాల?" కడపలో ఎవరడిగినా నేను చెప్పేదీ ఒకటే. చేతిలో ఉన్న డబ్బు ముందు మిద్దె మీద పెట్టండి, బల్ల మీది సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఎంత ఖరీదైన రేడియో అయినా యాంటెన్నా పట్టిచ్చిన దాన్నే వినిపించగలదు.

మన ఊరికి ఈ మాట మరీ వర్తిస్తుంది. ఒకవైపు నల్లమల, ఇంకోవైపు పాలకొండలు. చేతిలో పట్టుకునే వాకీటాకీ రకం సెట్లు 145 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. ఆ తరంగాలు దాదాపు చూపు మేరకే పోతాయి, కొండ అడ్డొస్తే అక్కడితో సరి. ఊళ్లో మాట్లాడుకోవడానికి అవి చాలు. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై అందాలంటే మాత్రం 7 మెగాహెర్ట్జ్‌కు, హ్యాములు నలభై మీటర్ల బ్యాండ్ అనే చోటికి రావాల్సిందే.

అక్కడ కొండలతో పనే లేదు. నేలకు 200 నుంచి 400 కిలోమీటర్ల ఎత్తున, సూర్యకాంతికి గాలిలోని కణాల నుంచి ఎలక్ట్రాన్లు విడిపోయి ఒక పొరలా ఉంటాయి. దాన్ని ఎఫ్ పొర అంటారు. పగటిపూట 7 మెగాహెర్ట్జ్ తరంగాన్ని దాదాపు నిలువుగా పంపినా ఆ పొర దాన్ని వంచి కిందికి తిప్పేస్తుంది. పైపుతో ఆకాశంలోకి కొట్టిన నీళ్లు చుట్టూ పడ్డట్టు, ఆ తరంగం నాలుగైదు వందల కిలోమీటర్ల మేర అన్ని దిక్కులా దిగుతుంది. కడప నుంచి నేరుగా గీత గీస్తే బెంగళూరు, చెన్నై రెండూ రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు, హైదరాబాద్ మూడు వందల పైచిలుకు. అన్నీ ఆ జల్లు పడే చోట్లే. ఇలా నిలువుగా పంపడానికి యాంటెన్నా మరీ ఎత్తున ఉండక్కర్లేదు, పది మీటర్లు బ్రహ్మాండంగా సరిపోతుంది. టవర్ లేదని దిగులు పడేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

పొద్దు గూకాక ఆట మారుతుంది. ఎఫ్ పొర పలచబడేకొద్దీ నిలువుగా పోయిన తరంగం తిరిగి రాకుండా అంతరిక్షంలోకి వెళ్లిపోతుంది. ఏటవాలుగా పోయినవి మాత్రం వేల కిలోమీటర్ల అవతల దిగుతాయి. మధ్యాహ్నం పక్కింట్లోంచి మాట్లాడినట్టున్న హైదరాబాద్ రాత్రికి మాయమై, దాని స్థానంలో పరదేశపు గొంతులు వినిపిస్తాయి. ఎన్నేళ్లు విన్నా ఈ మార్పు నాకు పాతబడలేదు.

ఇక తీగ. నడుమ కేబుల్ తగిలించి రెండు పక్కలా సాగదీసే తీగ యాంటెన్నాను డైపోల్ అంటారు. 142.5ను మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే దాని మొత్తం పొడవు మీటర్లలో వస్తుంది. 7.1కి ఇరవై మీటర్లు, అంటే చెరో పక్క పది. ఇంటి వైరింగుకు వాడే రాగి తీగ చాలు. నడుమ భాగాన్ని గడ చివర కట్టి, రెండు కొసల్నీ పిట్టగోడల వైపు ఏటవాలుగా దించితే అదే ఇన్వర్టెడ్ వీ. కొలత కన్నా కాస్త ఎక్కువే కత్తిరించండి. పంపిన పవర్ యాంటెన్నా నుంచి ఎంత వెనక్కి తిరుగుతోందో చెప్పే కొలత ఎస్‌డబ్ల్యూఆర్. మీటరు పెట్టి చూస్తే అది 6.9 దగ్గర అన్నిటికన్నా తక్కువగా ఉందనుకుందాం. అంటే తీగ కావాల్సిన దానికన్నా పొడుగ్గా ఉందన్నమాట. 6.9ని 7.1తో భాగించి పొడవుతో గుణిస్తే ఎంత ఉండాలో తెలుస్తుంది. ఇక్కడ చెరో వైపు 29 సెంటీమీటర్లు తగ్గాలి. తెంచేయకండి, వెనక్కి మడిచి చుట్టండి, రేపు మళ్లీ కావాల్సి రావచ్చు. ఎస్‌డబ్ల్యూఆర్ 3 ఉంటే పంపిన పవర్‌లో నాలుగో వంతు వెనక్కి తిరుగుతుంది. 1.5 దగ్గర తిరిగేది నూటికి నాలుగు వంతులే. అక్కడికి చేరాక 1.1 కోసం టెన్షన్ పడటం అనవసరం. ఆ శ్రద్ధేదో కొసలు కట్టే తాడు మీద పెట్టండి. మన ఎండకు మామూలు ప్లాస్టిక్ తాడు పొడిపొడిగా రాలిపోతుంది.

పది వాట్లతో ఏమవుతుందని చాలామందికి అనుమానం. బలం ఎన్ని రెట్లు పెరిగిందో డెసిబెల్స్‌లో లెక్కేస్తారు, పది నుంచి వందకు పెంచితే వచ్చేది 10 డెసిబెల్స్. వచ్చే సిగ్నల్ బలాన్ని చూపే ఎస్ మీటరు మీద ఒక్కో గీత 6 డెసిబెల్స్, అంటే అవతలివాళ్ల దగ్గర ముల్లు రెండు గీతలు కూడా కదలదు. హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ రూపొందించిన బిట్‌ఎక్స్ సెట్లు పది వాట్లకు అటూ ఇటుగానే ఉంటాయి. వాటిని ప్రపంచమంతా వాడుతున్నారు.

అసలు అప్‌గ్రేడ్ ఇంట్లోని రొదను తగ్గించడం. ఎల్‌ఈడీ బల్బు, ఫోన్ చార్జర్, ఇన్వర్టర్, మిద్దె మీద సోలార్ పెట్టె, వీటన్నిటిలో కరెంటు సెకనుకు వేల సార్లు ఆగుతూ పారుతూ ఉంటుంది. ఆ తునకల గోల 7 మెగాహెర్ట్జ్ దాకా పాకుతుంది, ఇంటి వైర్లే దానికి యాంటెన్నాలు. రేడియోను బ్యాటరీకి తగిలించి మెయిన్ ఆపండి. తర్వాత ఒక్కో ఎంసీబీ వేస్తూ ఎస్ మీటరు చూడండి. మా ఇంట్లో ముల్లు మూడు నుంచి ఒక్కసారిగా ఏడుకు లేచింది వరండా బల్బు ఉన్న లైనుకే. ఆ తేడా 24 డెసిబెల్స్. బల్బు మారిస్తే, నా చెవికి సంబంధించినంత వరకు అవతలివాళ్లు పవర్‌ను 250 రెట్లు పెంచినట్టే! ఇంత లాభం ఇచ్చే ఆంప్లిఫయర్ ఎక్కడా దొరకదు. మార్చలేని వాటి వైర్లకు ఆ రొదను అణిచే ఫెరైట్ రింగులు తొడగాలి.

తర్వాత కొనాల్సింది బ్యాటరీ. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు భారతి ప్రసాద్ బృందం హ్యామ్ రేడియోతో పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. ఫోన్లు మూగబోయిన అండమాన్ నుంచి మనుషుల క్షేమ సమాచారం వాళ్లే బయటికి చేరవేశారు. కరెంటు పోతే మూగబోయే స్టేషన్ అలాంటి రోజున ఎవరికీ పనికిరాదు.

ఎర్తింగ్ మాత్రం వాయిదా వేయొద్దు. రాతినేల అయితే తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిచి గుంత తీయించండి. రేడియోకు వేసిన ఎర్త్‌ను ఇంటి ఎర్త్‌తో కలపాలి, విడిగా ఉంచితే పిడుగు పడ్డప్పుడు ఆ రెంటి మధ్య వోల్టేజి రేడియోలోంచే దారి వెతుక్కుంటుంది. మబ్బు పట్టకముందే యాంటెన్నా నుంచి రేడియోకు వచ్చే కోయాక్స్ కేబుల్ ఊడదీసి కిటికీ బయట పెట్టేయండి. ఉరుములు మొదలయ్యాక దాన్ని ముట్టుకోవద్దు.