బీరువా నిండా బట్టలే, కట్టుకోవడానికి ఒక్కటీ లేదు: అపోహలు - వాస్తవాలు

విశాఖ మద్దిలపాలెంలో కుట్టుమిషను ముందు కూర్చుని ఇరవై రెండేళ్లయింది. ఈమధ్య కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు ఫోన్లో వీడియో చూపించి "అక్కా, ఈ క్యాప్సూల్ వార్డ్‌రోబ్ మనకి కుదురుతుందా?" అని అడుగుతున్నారు. కుదురుతుంది. కాకపోతే వీడియోలో చూపించినట్టు కాదు. కొద్ది బట్టలే ఉంచుకుని, వాటినే ఒకదానితో ఒకటి మార్చి మార్చి వేసుకోవడం, విషయం ఇంతే. కటింగ్ టేబుల్ దగ్గర ఒక్కొక్కరికీ విడివిడిగా చెబుతున్న మాటలే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఇది ప్యాంటూ షర్టూ వేసుకునేవాళ్ల పద్ధతి, చీరలకు పనికిరాదు

క్యాప్సూల్ వార్డ్‌రోబ్ అన్న పేరు ప్రచారంలోకి వచ్చింది మాత్రం లండన్‌లోనే. 1970ల్లో అక్కడ బట్టల దుకాణం నడిపిన సూసీ ఫాక్స్ ఆ మాట వాడుకలోకి తెచ్చింది. 1985లో న్యూయార్క్ డిజైనర్ డోనా కరన్ ఏడు రకాల బట్టల్ని ఒకదానితో ఒకటి కలిపి వేసుకునేలా తయారుచేశాక అందరికీ తెలిసింది. వాళ్లు కోట్లు, స్కర్టులు లెక్కేసుకున్నారు. మనం లెక్కేసుకోవాల్సింది జాకెట్లు.

పోయిన వేసవి సెలవుల్లో గాజువాక నుంచి ఒక టీచరమ్మ సూట్‌కేసు తెచ్చి నా టేబుల్ మీద బోర్లించారు. పంతొమ్మిది చీరలు, పంతొమ్మిది జాకెట్లు. స్కూలుకి తిప్పి తిప్పి కట్టేవి మాత్రం నాలుగే. మిగతా పదిహేను చీరలకీ ఏ వంకా లేదు. వాటి జాకెట్లలో పదకొండు బిగుతైపోయాయి, రెండింటికి హుక్కులు ఊడాయి, ఇంకో రెండింటి చేతుల పొడవు ఆవిడకి నచ్చలేదు. చీరకొక్క జాకెట్టే అని పెట్టుకుంటే జరిగేది ఇదే. జాకెట్టు పట్టకపోయిన రోజునే ఐదున్నర మీటర్ల చీర కూడా మూలకి వెళ్లిపోతుంది.

ఆ పదకొండింటినీ ఒక్కొక్కటిగా తిరగేసి చూశాం. ఏడింట్లో చంక కింద రెండు వేళ్ల గుడ్డ లోపల వదిలి ఉంది. పక్క కుట్టు విప్పితే లోపల దాగిన గుడ్డ కొన్ననాటి రంగులోనే మెరుస్తోంది, పాత కుట్టు వెంట సూది రంధ్రాలు చుక్కల్లా వరసగా కనపడ్డాయి. ఒక్కో పక్కా అంగుళం వదులు చేస్తే చుట్టుకొలతలో రెండంగుళాలు వచ్చింది. ఏడు చీరలు ఒక్క మధ్యాహ్నంలో మళ్లీ వాడకంలోకి వచ్చాయి. మిగతా నాలుగు జాకెట్లలో గుడ్డ మిగల్చకుండా అంచుదాకా కోసేసి ఉంది, వాటికి ఎవరూ ఏమీ చేయలేరు. ఎవరి దగ్గర కుట్టించుకున్నా సరే, "లోపల రెండు వేళ్ల గుడ్డ వదలండి" అని ముందే చెప్పండి.

తర్వాత టూ బై టూ గుడ్డతో ఐదు జాకెట్లు కుట్టిచ్చాను. నలుపు, మెరూన్, ముదురాకుపచ్చ, ఆవపసుపు, మీగడ తెలుపు. ఒక్కో చీర కొంగునీ ఒక్కో జాకెట్టు మీద పరిచి చూసుకున్నాం. పంతొమ్మిదిలో పదిహేడు చీరలకు కనీసం రెండేసి జాకెట్లు కుదిరాయి. ఆవిడ కొత్త చీర ఒక్కటీ కొనలేదు.

చీరతోపాటు వచ్చే ఎనభై సెంటీమీటర్ల జాకెట్టు ముక్కని కొన్న రోజునే కోయించడం కూడా మానండి. పెళ్లిళ్ల పట్టుచీరలకైతే సరే. రోజువారీ చీరకి అలాగే ఉంచేస్తే కుచ్చిళ్లు ఒకటి రెండు ఎక్కువొచ్చి నిండుగా ఉంటుంది.

డ్రెస్సులదీ ఇదే కథ. టాపు, ప్యాంటు, చున్నీ మూడూ కలిపి ఉన్న సెట్టు షాపులో ముచ్చటగా ఉంటుంది. ఇంటికొచ్చాక అది ఒక్క జతే. దేనికది విడిగా తీసుకోండి.

అపోహ: సరిగ్గా ముప్పై మూడు బట్టలే ఉండాలి

అమెరికాలో మొదలైన ఒక పద్ధతిలో మూడు నెలలకు ముప్పై మూడు అంటారు, అందులో చెప్పులూ నగలూ కూడా కలిసే ఉంటాయి. మన ఊళ్లో అంకె నిర్ణయించేది దండెం. విశాఖ ఉక్కపోతలో ఉదయం వేసిన టాపు సాయంత్రానికి వీపు తడిసి, ఆరాక తెల్లగా ఉప్పు చార కడుతుంది. రెండోసారి వేసుకోలేం. వారానికి రెండుసార్లు ఉతికే ఇంట్లో, ఆరు రోజులు పనికెళ్లే మనిషికి వాడకంలో మూడు, ఉతుకులో మూడు, మొత్తం ఆరు టాపులు కావాలి. వానాకాలంలో ముసురు పట్టిందంటే బాల్కనీలో ఆరేసిన నూలు బట్ట రెండు రోజులైనా చెమ్మ వదలదు, అందుకని ఇంకో రెండు. ప్యాంటు రెండు రోజులు వేసుకోవచ్చు కాబట్టి నాలుగు చాలు. ఎనిమిది టాపులూ నాలుగు ప్యాంట్లతోనూ కలిస్తే ముప్పై రెండు జతలు. వాషింగ్ మిషను రోజూ తిరిగే ఇంటికి ఇంకా తక్కువ చాలు, అపార్ట్‌మెంటులో ఎండ తగలని బాల్కనీ ఉన్నవాళ్లకి ఇంకాస్త ఎక్కువ కావాలి.

అపోహ: నలుపు, తెలుపు, బూడిద రంగులే కొనాలి

మే నెలలో మధ్యాహ్నం రెండింటికి జగదాంబ బస్టాపులో నల్ల టాపు వేసుకుని పది నిమిషాలు నిలబడినవాళ్లకి ఈ సలహా ఎంత అన్యాయమో తెలుస్తుంది. ముదురు రంగులు కింద వేసుకోండి, మరకలు కనపడవు. పైన మీకు నప్పే రంగు ఏదైనా పరవాలేదు. రంగుల్ని కలిపే పని చున్నీకి అప్పగించండి. మచిలీపట్నం కలంకారీ చున్నీ ఒకటి తీసి వెలుతురులో పరిచి చూడండి. నీలిమందు నీలం, ఇటుక ఎరుపు, నలుపు, మీగడ రంగు నాలుగూ ఒక్క గుడ్డలోనే ఉంటాయి. అందులోని ఏ రంగు సాదా టాపు వేసుకున్నా ఆ చున్నీ కలిసిపోతుంది. సాదా టాపులకి మంగళగిరి నూలు నాకు ఇష్టం. ఒళ్లంతా ఒకే రంగు, అంచుకి సన్నటి జరీ, ఆఫీసుకీ పేరంటానికీ రెండింటికీ నప్పుతుంది.

అపోహ: మన ఊరి వాతావరణానికి నూలు ఒక్కటే, మిగతావన్నీ దండగ

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. బట్టల దుకాణాల్లో "కాటన్ లాంటిదే మేడమ్" అని చెప్పి ఏవేవో అమ్ముతున్నారు.

గాలిలో తేమ 65 శాతం ఉన్నచోట, పూర్తిగా ఎండిన వంద గ్రాముల నూలు గుడ్డ గాలిలోంచే ఏడెనిమిది గ్రాముల నీటిని పీల్చుకుంటుంది. నార గుడ్డ, అంటే లినెన్, పన్నెండు గ్రాముల దాకా పీలుస్తుంది. పాలిస్టర్ అర గ్రాము కూడా పీల్చదు. అందుకే పాలిస్టర్ జాకెట్టు వేసుకుంటే చెమట ఒంటిమీదే ఉండిపోతుంది. పైగా ఒంటి జిడ్డును అది పట్టి ఉంచుతుంది, ఉతికినా వాసన ఓ పట్టాన వదలదు. అయితే వానాకాలంలో పాలిస్టర్ కలిసిన ప్యాంటు రాత్రి ఉతికితే తెల్లారేసరికి ఆరిపోతుంది. ఒంటికి అంటుకోని వదులు ప్యాంటుకి అలా కలిపిన గుడ్డ తప్పేం కాదు. కింద అది, పైన నూలు.

ఇక రేయాన్. దాన్నే విస్కోస్ అని కూడా అంటారు. కుర్తీల్లో ఇప్పుడు ఎక్కడ చూసినా ఇదే. మెత్తగా జారుతూ చల్లగా ఉంటుంది, తేమనీ బాగా పీలుస్తుంది. తడిసినప్పుడే దాని బలహీనత బయటపడుతుంది. నూలు దారం తడిస్తే బలం పెరుగుతుంది, రేయాన్ దారం దాదాపు సగం బలం పోగొట్టుకుంటుంది. అలాంటిదాన్ని బకెట్లో నానేసి, పిండి, క్లిప్పు పెట్టి వేలాడదీస్తే మెడ సాగి, కింది అంచు ఎగుడుదిగుడవుతుంది. రేయాన్ కొనండి, కానీ పిండకుండా నీళ్లు ఓడ్చి, దండెం మీద సగానికి మడిచి ఆరేయండి.

పొందూరు ఖద్దరు గురించి కూడా అడుగుతుంటారు. శ్రీకాకుళం జిల్లాలో వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, చేత్తో వడికి నేసిన గుడ్డ అది. అంత సన్నటి చేతి నూలు మీద కత్తెర పెట్టేటప్పుడు ఇప్పటికీ నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. అయితే దానికి గంజి, ఇస్త్రీ తప్పవు. పొద్దున్నే ఏడింటికి రుషికొండ బస్సెక్కే అమ్మాయికి అలాంటివి ఐదు కొనమని చెప్పను. ఒక్కటి కొనుక్కుని ఆదివారం తీరిగ్గా వేసుకోమంటాను.

నూలు ఏదైనా కుట్టించే ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి ఆరబెట్టాలి. పని నేర్చిన కొత్తలో ఒక మంగళగిరి గుడ్డని తొందరపడి నానబెట్టకుండానే కోశాను. మొదటి ఉతుకుకే టాపు పొడవు రెండంగుళాలు తగ్గిపోయింది. ఆ అమ్మాయి ఏమీ అనకుండా తెచ్చి చూపించింది. కొత్త గుడ్డ కొని కుట్టిచ్చాను. ఆ తర్వాత నానని గుడ్డ ఒక్కటీ నా కత్తెర కిందికి రాలేదు.

అపోహ: ఖరీదైనదే మన్నుతుంది

ధర చీటీ పక్కన పెట్టి బట్టని తిరగేయండి. అంగుళానికి పదీ పన్నెండు కుట్లు ఉన్నాయా, లోపల గుడ్డ వదిలారా, అంచులకి దారాలు ఊడకుండా ఓవర్‌లాక్ కుట్టు పడిందా చూడండి. తర్వాత భుజం. నడుము దగ్గర ఎంత వదులున్నా నేను సర్దగలను, పొడవు తగ్గించగలను. భుజం కుట్టు చేతి మీదికి జారిందంటే చేతులు విప్పి మళ్లీ ఎక్కించాలి, అది కొత్తది కుట్టినంత పని. భుజం సరిపోయిందే కొనండి. ఆరువందల కుర్తీ ఎనిమిదిసార్లకే సాగిపోతే ఒక్కోసారికి డెబ్భై ఐదు రూపాయలు పడింది. పద్దెనిమిది వందలది తొంభైసార్లు వేసుకుంటే ఇరవై రూపాయలే.

అపోహ: మగవాళ్లకి ఈ గొడవ అక్కర్లేదు

మూడు ప్యాంట్లు, ఏడు షర్టులు చాలు, నిజమే. కానీ ఆ ఏడింట్లో నాలుగింటి మెడపట్టీ అరిగిపోయి ఉంటుంది. పట్టీని విప్పి తిరగేసి కుట్టించుకుంటే షర్టు ఇంకో ఏడాది వస్తుంది.

అపోహ: ఒక్క ఆదివారం కూర్చుని అన్నీ ఏరిపారేయాలి

అలా ఏరి, పాతబట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆవిడకి వేసేసి, నెల తిరక్కుండానే అలాంటిదే మళ్లీ కొన్నవాళ్లని చాలామందిని చూశాను. ముందు బాగుచేయించుకోవాల్సినవి వేరు తీయండి. మిగిలినవాటిలో వాడనివాటిని ఉతికి, ఎండలో బాగా ఆరనిచ్చి, పాత నూలు చీరలో మూట కట్టి మీద తేదీ రాసి అటక మీద పెట్టండి. చెమ్మతో కడితే మన ఊళ్లో పదిహేను రోజుల్లో బూజు పడుతుంది. పట్టుచీరల్ని ఈ లెక్కలోకి తేకండి. వాటిని మూడు నెలలకోసారి మడత మార్చండి, లేకపోతే మడత దగ్గర జరీ విరుగుతుంది. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి.

టీచరమ్మ అలా కట్టిన మూటని డిసెంబరులో విప్పారు. రెండు చీరలు వెనక్కి తీసుకుని, ఒకదానికి ఫాల్ మార్పించుకోవడానికి నా దగ్గరికే వచ్చారు. మిగతావి వాళ్ల స్కూలు ఆయమ్మకి ఇచ్చారట, జాకెట్లు ఆవిడకి సరిపోయేలా నా చేతే వదులు చేయించి.